ద్రవ లోహ ధారలపై తరంగాల కొలత

ద్రవ లోహ ధారలపై తరంగాల కొలత అనగా, అతివేగంగా ప్రవహించే కరిగిన లోహపు ధార ఉపరితలం మీద పుట్టే అలల ఎత్తును, పొడవును, పౌనఃపున్యాన్ని, వాటి వలన ధార మందంలో వచ్చే హెచ్చుతగ్గులను ప్రయోగపూర్వకంగా నిర్ణయించే పద్ధతుల సముదాయం. ద్రవ చలన శాస్త్రంలో ఇది చిన్న విభాగమే. అయినా కేంద్రక సంలీన శక్తి భవిష్యత్తు కొంతవరకు దీని మీద ఆధారపడి ఉంది. సంలీన రియాక్టర్లలో వాడదలచిన ఉక్కును ముందుగా పరీక్షించడానికి తలపెట్టిన న్యూట్రాన్ జనక కేంద్రంలో, సెకనుకు 15 మీటర్ల వేగంతో పారే లిథియం ధారే లక్ష్యం. ఆ ధార ఉపరితలం ఒక మిల్లీమీటరుకు మించి ఎగుడుదిగుడు కాకూడదని రూపకర్తలు నియమం పెట్టుకున్నారు. ఆ నియమం నెరవేరుతున్నదో లేదో తెలియాలంటే అలలను కొలవాలి. ఈ కొలత ఎందుకు అవసరమైనది, ఎందుకు కష్టమైనది, ఇప్పటివరకు ఏమి తేలింది, ఇంకా ఏమి తేలవలసి ఉంది అనే విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

నేపథ్యం

డ్యుటీరియం, ట్రిటియం కేంద్రకాలు కలిసి హీలియంగా మారినప్పుడు 14 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల న్యూట్రాన్ వెలువడుతుంది. కేంద్రక విచ్ఛిత్తిలో పుట్టే న్యూట్రాన్ల సగటు శక్తి సుమారు 2 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు మాత్రమే. ఈ తేడా వలన రియాక్టరు గోడలకు జరిగే నష్టం కూడా వేరుగా ఉంటుంది. న్యూట్రాన్ తగిలినప్పుడు లోహంలోని పరమాణువులు తమ స్థానాల నుండి తొలగిపోతాయి. 14 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రాన్లు అంతటితో ఆగక, ఇనుము కేంద్రకాలతో చర్య జరిపి లోహం లోపలే హీలియం వాయువును పుట్టిస్తాయి. ప్రతి పరమాణువు సగటున ఒకసారి స్థానభ్రంశం చెందేలోగా సంలీన రియాక్టరు ఉక్కులో పది లక్షల పరమాణువులకు సుమారు పది హీలియం పరమాణువులు చేరుతాయి. సాధారణ విచ్ఛిత్తి రియాక్టరులో ఈ సంఖ్య ఒకటి కంటే తక్కువ. హీలియం బుడగలు కట్టిన ఉక్కు ఉబ్బుతుంది, పెళుసుబారుతుంది.

కనుక ఇప్పుడున్న రియాక్టర్లలో పరీక్షించిన ఉక్కు సంలీన రియాక్టరులో ఎలా ప్రవర్తిస్తుందో నిశ్చయంగా చెప్పలేము. సరైన శక్తి గల న్యూట్రాన్లను, సరిపడినంత సంఖ్యలో, సంవత్సరాల తరబడి ఇచ్చే యంత్రం కావాలి. ఈ ఉద్దేశంతో 1970ల చివర అమెరికాలోని హాన్‌ఫోర్డ్‌లో లిథియం లక్ష్యంతో ఒక కేంద్రాన్ని కట్టాలని ప్రయత్నించారు. అది 1980ల మధ్యలో నిలిచిపోయింది. 1994లో అంతర్జాతీయ శక్తి సంస్థ ఆధ్వర్యంలో అదే ఆలోచన 'అంతర్జాతీయ సంలీన పదార్థాల వికిరణ కేంద్రం' పేరుతో మళ్ళీ మొదలైంది. దీనిని క్లుప్తంగా ఇఫ్మిఫ్ అంటారు.

లిథియం ధార స్వరూపం

ఇఫ్మిఫ్ రూపకల్పన ప్రకారం రెండు త్వరణ యంత్రాలు ఒక్కొక్కటి 125 మిల్లీ ఆంపియర్ల డ్యుటెరాన్ పుంజాన్ని 40 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తికి చేర్చి లిథియం మీదికి వదులుతాయి. రెండింటి సామర్థ్యం కలిపి 10 మెగావాట్లు. ఇదంతా 20 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తు గల చిన్న చోట పడుతుంది. అనగా చదరపు మీటరుకు 100 కోట్ల వాట్లు. ఏ ఘన పదార్థమూ ఇంతటి వేడిని ఎక్కువ సేపు తట్టుకోలేదు. అందుకే లక్ష్యాన్ని ప్రవహించే ద్రవంగా ఉంచారు. వేడెక్కిన లిథియం వెంటనే దిగువకు పోయి, చల్లని లిథియం ఆ స్థానంలోకి వస్తుంది.

ధార వెడల్పు 260 మి.మీ., మందం 25 మి.మీ., వేగం సెకనుకు 15 మీటర్లు, ఉష్ణోగ్రత 250 డిగ్రీల సెల్సియస్. ఈ అంకెలతో ఒక చిన్న లెక్క వేయవచ్చు. సెకనుకు సుమారు 97 లీటర్లు, అంటే దాదాపు 50 కిలోల లిథియం పుంజం ముందు నుండి దాటిపోతుంది. 5 సెంటీమీటర్ల ఎత్తు గల పుంజాన్ని దాటడానికి లిథియానికి పట్టే కాలం 3.3 మిల్లీసెకన్లు. ఆ కొద్ది కాలంలో 10 మెగావాట్లను గ్రహించి అది సగటున 50 డిగ్రీల మేరకు మాత్రమే వేడెక్కుతుంది.

పుంజం శూన్యంలో ప్రయాణిస్తుంది కనుక ధార ముందు తలం శూన్యానికి తెరచి ఉంటుంది. అంత తక్కువ పీడనంలో లిథియం సుమారు 340 డిగ్రీల వద్దనే మరగగలదు. ధార లోపల మరగకుండా ఉండటానికి దానిని 250 మి.మీ. వ్యాసార్ధం గల పుటాకారపు గోడ వెంట వంచి పారిస్తారు. వంపు వలన భూమ్యాకర్షణకు 90 రెట్లు మించిన అపకేంద్ర త్వరణం కలుగుతుంది. గోడ దగ్గర పీడనం సుమారు 11 వేల పాస్కల్‌లకు చేరుతుంది. ఆ పీడనం వద్ద లిథియం మరగాలంటే వెయ్యి డిగ్రీలు దాటాలి. తాడుకు కట్టిన చెంబును గిరగిర తిప్పితే నీళ్ళు ఒలకకుండా చెంబు అడుగును అదిమి ఉండటం అందరికీ తెలిసినదే. ఇక్కడ జరిగేదీ అదే.

అలలు పుట్టే విధానం

లిథియం నాజిల్ లోపల ఉన్నంతసేపు గోడను ఆనుకున్న పలుచని పొర నెమ్మదిగా, మిగిలినది వేగంగా కదులుతుంది. నాజిల్ అంచు దాటగానే ఒక వైపు గోడ ఉండదు. నెమ్మదిగా ఉన్న పొర హఠాత్తుగా వేగం పుంజుకోవాలి. ఈ సర్దుబాటులో పొర అస్థిరమై చిన్న అలలుగా ముడుచుకుంటుంది. ఆ అలలు దిగువకు పోయే కొద్దీ పెరుగుతాయి. తలతన్యత వాటిని చదును చేయటానికి ప్రయత్నిస్తుంది. ఈ రెండు ప్రభావాల పోటీలో ఏది గెలుస్తుందనే దానిని బట్టి ఉపరితలం అద్దంలా ఉంటుందా, గరుకుగా మారుతుందా అనేది తేలుతుంది.

ప్రవాహ జడత్వానికి, స్నిగ్ధతకు గల నిష్పత్తిని రెనాల్డ్స్ సంఖ్య అంటారు. జడత్వానికి, తలతన్యతకు గల నిష్పత్తి వెబర్ సంఖ్య. పై ధారకు రెనాల్డ్స్ సంఖ్య సుమారు మూడున్నర లక్షలకు పైన, వెబర్ సంఖ్య సుమారు ఏడు వేలు. రెండూ పెద్దవే కనుక అలలు పుట్టడం తప్పదు. చేయగలిగినదల్లా వాటిని అదుపులో ఉంచడమే. ఇందుకు నాజిల్‌ను రెండు దశలలో సన్నబరుస్తారు. 250 మి.మీ. ప్రవాహాన్ని మొదట 62.5 మి.మీ.కు, తరువాత 25 మి.మీ.కు కుదిస్తారు. ఇలా కుదించడం వలన గోడ దగ్గరి నెమ్మది పొర పలుచబడుతుంది.

ఇక్కడ నీటితో పోలిక ఎంతవరకు చెల్లుతుందో గమనించాలి. 250 డిగ్రీల వద్ద ద్రవ లిథియం శుద్ధ స్నిగ్ధత గది ఉష్ణోగ్రతలోని నీటితో దాదాపు సమానం. కనుక రెనాల్డ్స్ సంఖ్యకు సంబంధించిన ప్రశ్నలకు నీటి ప్రయోగాలు చక్కగా పనికివస్తాయి. కాని లిథియం సాంద్రత నీటిలో సగమే, తలతన్యత నీటికి అయిదు రెట్లు మించి ఉంటుంది. అందువలన అదే వేగంలో, అదే మందంలో వెబర్ సంఖ్యలు సుమారు పది రెట్లు తేడా పడతాయి. చిన్న అలల విషయంలో నీరు చెప్పే సాక్ష్యం పూర్తిగా చాలదు. ప్రమాదకరమైనదైనా, ఖర్చుతో కూడినదైనా, లిథియంతోనే ప్రయోగం చేయక తప్పలేదు.

అలల వలన నష్టం

40 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల డ్యుటెరాన్ లిథియంలో సుమారు 20 మి.మీ. లోతు వరకు చొచ్చుకొని పోయి ఆగుతుంది. ఆగే చోటనే అత్యధిక శక్తిని విడుస్తుంది. ధార మందం 25 మి.మీ. కనుక సుమారు 5 మి.మీ. రక్షణ మిగులుతుంది. ధార ఎక్కడైనా బాగా పలుచబడితే పుంజం వెనుక గోడను తాకుతుంది. కొన్ని మిల్లీమీటర్ల మందమే గల ఆ గోడ వెనుకనే పరీక్షా నమూనాలు ఉంటాయి. గోడ చిల్లి పడితే మండే స్వభావం గల లిథియం బయటికి వస్తుంది. నీరు తగిలితే అది తీవ్రంగా చర్య జరుపుతుంది. వికిరణం వలన అందులో ట్రిటియం, బెరీలియం-7 వంటి రేడియోధార్మిక పదార్థాలు కూడా చేరి ఉంటాయి.

అయితే అన్ని అలలూ ఒకే విధంగా ప్రమాదకరం కావు. ధారతో పాటు పరుగెత్తే అల ఒక చోట నిలిచి ఉండదు. 10 మి.మీ. పొడవున్న అల ఒక బిందువును మిల్లీసెకనులో మూడింట రెండు వంతుల కాలంలో దాటిపోతుంది. వెంటనే దాని వెనుక మరొకటి వస్తుంది. ఎత్తు, పల్లాలు ఒకదానినొకటి సరిచేసుకొని నమూనాలకు చేరే న్యూట్రాన్ల సంఖ్య సగటున మారదు. దీనికి భిన్నంగా, నాజిల్ అంచున మలినం పేరుకున్నా, గీత పడినా, దాని వెనుక పడవ వెనుక చారలాగా ఒక గాడి ఏర్పడుతుంది. ఈ గాడి కదలదు. రోజుల తరబడి ఒకే చోట ధార పలుచగా ఉంటుంది. కనుక కొలత పద్ధతి అల ఎంత ఎత్తున్నదో చెప్పడమే కాక, అది కదిలే అలా, నిలిచిన గాడియా అని కూడా చెప్పగలగాలి.

కొలవటంలోని ఇబ్బందులు

లిథియం పారదర్శకం కాదు. కనుక నీటిలో వలె రంగు కలిపి, ఒక పక్క నుండి దీపం వేసి లోపలికి చూడలేము. తాజా ఉపరితలం అద్దంలా మెరుస్తుంది. దాని మీద పడిన కాంతి అన్ని వైపులా చెదరక, ఒకే దిశలో పరావర్తనం చెందుతుంది. శూన్యంలో లిథియం ఆవిరై పరిశీలన గవాక్షాల అద్దాలకు పట్టుకుంటుంది. గాలిలోని నత్రజని, ఆక్సిజన్, తేమ మూడూ దానితో చర్య జరుపుతాయి కనుక ప్రయోగాలను శూన్యంలోనో ఆర్గాన్ వాయువులోనో చేయాలి. వీటికి తోడు అలలు మిల్లీమీటరు కంటే చిన్నవి, సెకనుకు వేలాదిగా దాటిపోయేవి. కొలిచే పరికరం సెకనుకు ఎన్నో వేల సార్లు చదవగలగాలి, మిల్లీమీటరులో వందో వంతును గుర్తించగలగాలి.

కొలత పద్ధతులు

స్పర్శ సూచి: ఇది అన్నింటికంటె సరళమైనది. ఒక సన్నని లోహపు సూదిని పైనుండి ధార వైపు కొద్దికొద్దిగా దించుతారు. లిథియం విద్యుద్వాహకం కనుక అల శిఖరం సూదిని తాకినప్పుడల్లా వలయం పూర్తయి సంకేతం వస్తుంది. ఒక ఎత్తులో మొత్తం కాలంలో ఎంత భాగం స్పర్శ ఉన్నదో లెక్కిస్తే, ఉపరితలం ఆ ఎత్తు కంటె పైన ఉండే సంభావ్యత తెలుస్తుంది. సూదిని ఒక్కొక్క మెట్టు దించుతూ ఇదే లెక్క వేస్తే ఉపరితల ఎత్తుల పంపకం మొత్తం బయటపడుతుంది. స్పర్శ సగం కాలం ఉండే ఎత్తును ధార మధ్యస్థ ఉపరితలంగా తీసుకుంటారు. సూది చూసేది ఒక్క బిందువునే. లోతుకు దిగితే అదే ధారను చీల్చి కొత్త చారను పుట్టిస్తుంది. పుంజం పనిచేస్తున్నప్పుడు సూదిని అక్కడ ఉంచటం అసాధ్యం.

ఛాయాగ్రహణం: అతివేగ కెమెరాతో తీసిన చిత్రాలలో అలల ఆకారం, పొడవు, వేగం కనిపిస్తాయి. గాడులను, చారలను గుర్తించటానికి ఇది ఉత్తమం. కాని మెరుపు వలన ఎత్తును నేరుగా చదవలేము. ఉపరితలం మీద వెలుగు గీతల నమూనాను ప్రసరింపజేసి, ఆ గీతల వంపును బట్టి ఎత్తును గణించే పద్ధతిని జపాను పరిశోధకులు ప్రయత్నించారు.

లేజరు దూరమాపకం: ధారకు దూరంగా, గవాక్షం వెలుపల ఉంచిన పరికరం లేజరు కాంతిని పంపి, తిరిగి వచ్చిన కాంతి దశను బట్టి దూరాన్ని లెక్కిస్తుంది. సమాన అంతరాలలో ఉన్న అనేక పౌనఃపున్యాలు గల కాంతిని వాడే పరికరాలు మిల్లీమీటరులో వందో వంతు కంటె సూక్ష్మంగా దూరాన్ని చెప్పగలవు. ధారను ముట్టుకోవలసిన పని లేదు. ఇందులో చిక్కు ఒకటే. అల వాలు నిటారుగా ఉన్న చోట కాంతి పక్కకు పోతుంది, పరికరానికి తిరిగి రాదు. అనగా శిఖరాలు, పల్లాలు బాగా కనిపిస్తాయి, వాటి మధ్య వాలులు సరిగా కనిపించవు. అందువలన వచ్చిన అంకెలను ఉన్నవున్నట్లు కూడి సగటు తీయక, సముద్రపు అలల అధ్యయనంలో వాడే సగటు మట్టం దాటే బిందువుల పద్ధతితో ఒక్కొక్క అలను విడదీసి లెక్కిస్తారు. తుఫాను కెరటాలకు పుట్టిన గణితం మిల్లీమీటరు అలలకు ఉపయోగపడటం విశేషం.

జపానులో జరిగిన ప్రయోగాలు

ఒసాకా విశ్వవిద్యాలయంలోని లిథియం వలయంలో 70 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. మందం గల సమతల ధారపై సెకనుకు 15 మీటర్ల వేగం వరకు తొలి దశ ప్రయోగాలు జరిగాయి. స్పర్శ సూచి పద్ధతి ఇక్కడనే స్థిరపడింది.

జపాను, ఐరోపా పరమాణు సంఘం కలిసి 2007లో ఇఫ్మిఫ్‌కు సాంకేతిక నిరూపణ కార్యక్రమాన్ని ప్రారంభించాయి. అందులో భాగంగా జపాను పరమాణు శక్తి సంస్థ ఒఆరాయి కేంద్రంలో సుమారు రెండున్నర టన్నుల లిథియంతో పెద్ద వలయాన్ని నిర్మించింది. నిర్మాణం 2010లో ముగిసింది. కొద్ది నెలలకే, 2011 మార్చి 11న వచ్చిన మహా భూకంపంలో వలయం దెబ్బతిన్నది. మరమ్మతుల తరువాత ప్రయోగాలు తిరిగి మొదలై 2014 వరకు కొనసాగాయి. ఇక్కడి ధార వెడల్పు 100 మి.మీ., మందం మాత్రం అసలు రూపకల్పనలోని 25 మి.మీ. వేగం సెకనుకు 20 మీటర్ల వరకు పెంచగలిగారు. పుంజం తాకవలసిన చోట లేజరు దూరమాపకంతో కొలిచినప్పుడు, సెకనుకు 15 మీటర్ల వేగం, 250 డిగ్రీల ఉష్ణోగ్రత, శూన్య పరిస్థితులలో అలల సగటు కంపన పరిమితి సుమారు పావు మిల్లీమీటరుగా తేలింది. దాదాపు అన్ని అలలూ ఒక మిల్లీమీటరు నియమానికి లోబడి ఉన్నాయి. అరుదుగా వచ్చిన కొన్ని అలలు మాత్రం ఆ హద్దును దాటాయి. 25 రోజుల పాటు నిరంతరాయంగా ధారను నడిపి దాని స్థిరత్వాన్ని చూపగలిగారు.

ఇతర ద్రవ లోహ ధారలు

2007లో సెర్న్ సంస్థలో మెరిట్ అనే ప్రయోగం జరిగింది. సుమారు ఒక సెంటీమీటరు వ్యాసం గల పాదరసపు ధారను సెకనుకు 20 మీటర్ల వరకు గల వేగంతో, 15 టెస్లాల అయస్కాంత క్షేత్రంలో పారించి, దాని మీదికి ప్రోటాన్ పుంజాన్ని వదిలారు. వెనుక నుండి వెలుగు వేసి, దృశా తంతువుల ద్వారా అతివేగ కెమెరాలకు చిత్రాన్ని చేర్చారు. పుంజం తాకిన చోట ధార చిట్లి తుంపరలైనా, బలమైన అయస్కాంత క్షేత్రం ఆ చిట్లుడును తగ్గించినట్లు కనిపించింది. ద్రవ లోహం విద్యుద్వాహకం కావటమే దీనికి కారణం.

అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయపు అరుదైన ఐసోటోపుల కేంద్రంలో, భారీ అయానుల ఎలక్ట్రాన్లను ఒలవటానికి, సెకనుకు 50 మీటర్లకు మించిన వేగంతో కదిలే పలుచని లిథియం పొరను వాడుతున్నారు. దీని మందం 10 నుండి 20 మైక్రోమీటర్లు. ఇక్కడ పొర గుండా దూసుకుపోయిన అయానులు కోల్పోయిన శక్తిని బట్టి మందాన్ని తెలుసుకుంటారు. పుంజమే కొలబద్దగా మారటం ఈ పద్ధతి ప్రత్యేకత.

ప్రస్తుత పరిస్థితి, విశ్లేషణ

స్పెయిన్‌లోని గ్రనడా సమీపాన ఎస్కూసర్ వద్ద ఇఫ్మిఫ్-డోన్స్ అనే కేంద్రం నిర్మాణ దశ 2023లో ప్రారంభమైంది. ఇందులో స్పెయిన్, క్రొయేషియా మొదటి నుండి భాగస్వాములు. రెండు పుంజాలకు బదులు ఒకే పుంజం, సామర్థ్యం 5 మెగావాట్లు. మరొక వైపు, జపానులోని రొక్కషోలో నిర్మించిన నమూనా త్వరణ యంత్రం 2019లో 125 మిల్లీ ఆంపియర్ల డ్యుటెరాన్ పుంజాన్ని 5 మెగా ఎలక్ట్రాన్ వోల్టులకు చేర్చింది. 2024లో ఇటర్ సంస్థ తన డ్యుటీరియం-ట్రిటియం ప్రయోగాలు 2039లో మొదలవుతాయని కొత్త కాలపట్టికను ప్రతిపాదించింది. ఇటర్ తరువాతి తరం రియాక్టర్ల గోడలకు ఏ ఉక్కు వాడాలో నిర్ణయించటానికి డోన్స్ వంటి కేంద్రం ఇచ్చే ఫలితాలు అవసరం.

ఒఆరాయి ఫలితాలు భరోసా ఇచ్చేవే అయినా వాటి పరిధిని గుర్తించాలి. మొదటిది, అక్కడి ధార వెడల్పు 100 మి.మీ.; అసలు వెడల్పు 260 మి.మీ. నాజిల్ మూలల నుండి పుట్టే చారలు ఇరుకు ధారలో త్వరగా నడిమికి చేరుతాయి కనుక వెడల్పు పెరగటం మేలే చేయవచ్చు. అయితే పొడవైన నాజిల్ అంచును అంతటా ఒకే నునుపుతో, వేడికి వంగకుండా ఉంచటం మరింత కష్టమవుతుంది. రెండవది, ఆ ధార మీదికి పుంజాన్ని వదలలేదు. మెగావాట్ల వేడి హఠాత్తుగా చేరినప్పుడు ఉపరితలం ఎలా స్పందిస్తుందో సైద్ధాంతిక గణనలు చెబుతున్నాయి, పూర్తి స్థాయి ప్రయోగం ఇంకా ధ్రువీకరించవలసి ఉంది. మూడవది, 25 రోజుల అనుభవం నుండి నెలల తరబడి జరిగే పనిని ఊహించటంలో జాగ్రత్త అవసరం. లిథియంలోని మలినాలు, ముఖ్యంగా నత్రజని, ఉక్కు క్షయాన్ని పెంచుతాయి. నాజిల్ అంచు అరిగినా, దాని మీద ఏదైనా పేరుకున్నా, మొదటి రోజు అద్దంలా ఉన్న ధార తరువాత గాడి పడవచ్చు.

నాలుగవది కొలతకు సంబంధించినదే. ప్రయోగశాలలో గవాక్షానికి దగ్గరగా పెట్టిన పరికరం నిజమైన కేంద్రంలో తీవ్రమైన న్యూట్రాన్ల వాన మధ్య ఉండాలి. సాధారణ కటకాలు, ఎలక్ట్రానిక్ భాగాలు అక్కడ త్వరగా పాడవుతాయి. అందువలన కాంతిని అద్దాల ద్వారా దూరంగా, కవచం వెనుకకు మళ్ళించి కొలవవలసి ఉంటుంది. పైగా కొలత కేవలం పరిశోధనకు కాదు. ధార తెగితే పుంజాన్ని మిల్లీసెకన్లలో ఆపవలసిన రక్షణ వ్యవస్థలో అది భాగం. ఇలాంటి వ్యవస్థ రెండు రకాల తప్పులు చేయవచ్చు. నిజమైన గాడిని గుర్తించకపోతే గోడ కాలుతుంది. మామూలు అలను ప్రమాదంగా పొరబడితే పుంజం మాటిమాటికి ఆగి, సంవత్సరాల వికిరణం పూర్తికాదు. అరుదైన పెద్ద అలల గణాంకాలు ఇందుకే ముఖ్యం. సగటు పావు మిల్లీమీటరు అని తెలిస్తే సరిపోదు. ఒకటిన్నర మిల్లీమీటర్ల అల ఎంత తరచుగా వస్తుందో తెలిసినప్పుడే హెచ్చరిక గీతను ఎక్కడ గీయాలో నిర్ణయించగలరు.

భారతదేశంతో సంబంధం

భారతదేశం 2005లో ఇటర్‌లో చేరింది. గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థ ద్రవ సీసం-లిథియం మిశ్రమంతో పనిచేసే ఆవరణపు రూపకల్పనపై పరిశోధనలు చేసింది. కల్పాక్కంలోని ఇందిరా గాంధీ అణు పరిశోధన కేంద్రం సంలీన రియాక్టర్ల కోసం రూపొందించిన ప్రత్యేక ఉక్కును హైదరాబాదులోని మిశ్ర ధాతు నిగమ్‌లో తయారు చేశారు. టంగ్‌స్టన్, టాంటలం కలిపిన ఈ ఉక్కు వికిరణం తరువాత త్వరగా రేడియోధార్మికతను కోల్పోయేటట్లు రూపొందింది. 14 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రాన్ల తాకిడిని ఇది ఏళ్ళ తరబడి తట్టుకొనగలదా అనే ప్రశ్నకు ఇతర దేశాల ఉక్కులకు వలెనే దీనికి కూడా తీవ్రమైన న్యూట్రాన్ జనకంలోనే సమాధానం దొరకాలి. ఆ జనకం నిరంతరాయంగా పనిచేయాలంటే లిథియం ధార నిలకడగా పారాలి. ధార నిలకడగా ఉన్నదని తెలియాలంటే దాని మీది మిల్లీమీటరు అలను నమ్మకంగా కొలవగలగాలి.